నకారం పోగొట్టుకున్న డేగపిల్ల

నిఘంటువు ఆఫీసులో అసలేం పని ఉంటుందని ఈ కాలం పిల్లలు నన్ను అడుగుతుంటారు. ఫోను మీద వేలు పెడితే అర్థం వచ్చేస్తోంది కదా, మీరంతా అన్నేళ్ళు కూర్చుని ఏం చేశారని వాళ్ళ అనుమానం. అడగాల్సిన ప్రశ్నే. మేం చేసిందల్లా ఒక మాట పక్కన ఇంకో మాట పెట్టి సరిపోయిందా లేదా అని చూడటం. సరిపోకపోతే తీసేసి మరొకటి పెట్టడం. ఇందులో వీరగాథలేమీ లేవు. అయితే ఒక ఎండాకాలం, ఒక చిన్న ఇంగ్లీషు మాట మమ్మల్ని కుర్చీల్లోంచి లేపి చెట్టు కిందకి తీసుకుపోయి నిలబెట్టింది. అది చెబుతాను.

నాంపల్లి స్టేషను నుంచి ఆబిడ్స్‌కి వచ్చే దారిలో ఒక పాత బంగళాలో ఉండేది మా ఆఫీసు. కాలేజీ పిల్లల కోసం కొత్త ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు తయారుచేయడం మా విభాగం పని. విభాగం అంటే ముగ్గురం. ప్రధాన సంపాదకులు, మేం పెద్దసారు అని పిలిచేవారం, మెదక్ ఆయన. తండ్రి పాస్టరు. ఆయన ఒళ్ళో కూర్చునే లాటిన్ అక్షరాలు దిద్దుకున్నారట. నేను తెలుగు, సంస్కృతం చదువుకున్నదాన్ని. మా నాన్నగారు యాభయ్యారులో కర్నూలు నుంచి సర్కారు ఫైళ్ళతోపాటు అదే లారీలో హైదరాబాదు వచ్చారని మా ఇంట్లో ఒక హాస్యం. మూడో ఆవిడ వరంగల్ నుంచి వచ్చిన సహాయ సంపాదకురాలు. కంప్యూటర్లో మాటలెక్కించడం, ప్రూఫులు దిద్దడం ఆమె వంతు.

పెద్దసారుకీ నాకూ మధ్య మర్యాదే తప్ప చనువు లేదు. నేను పెట్టే తెలుగు మాటలు పురాణ కాలక్షేపంలా ఉంటాయని ఆయన అభిప్రాయం. ఆయన పెట్టే మాటలు రైల్వే టైంటేబుల్‌లా ఉంటాయని నా అభిప్రాయం. ఈ సంగతి ఇద్దరికీ తెలుసు, ఎవరమూ పైకి అనలేదు. ఎవరి టీ వాళ్ళం తెప్పించుకునేవాళ్ళం.

ఆ వేసవిలో ఇంగ్లీషు 'E' అక్షరం ప్రూఫులు వచ్చాయి. పెద్దసారు చదువుతూ చదువుతూ ఒకచోట ఆగి, కళ్ళద్దాలు పైకి తోసుకున్నారు.

"ఏందమ్మా ఇది? డేగపిల్ల పోయి కండ్లయిందేంది?"

సహాయ సంపాదకురాలు తొంగి చూసింది. రాతప్రతిలో ఆయన 'ఐయస్' (eyas) అనే మాట రాశారు. గూట్లోంచి తీసి, వేటకి తర్ఫీదిచ్చే డేగపిల్లకి ఇంగ్లీషులో ఆ పేరు. ఆమె దాన్ని 'ఐజ్' (eyes) అని దిద్దేసి, ఎదురుగా 'కళ్ళు' అని పెట్టింది.

"స్పెల్లింగు తప్పు పడ్డదనుకున్న సార్. అసలైతే ముందు ఐఏఎస్ అనుకున్న. ఈ నిఘంటువుల ఐఏఎస్ ఎందుకుంటదని మళ్ళ ఆలోచించిన."

పెద్దసారు నవ్వారు. ఆయన నవ్వితే ముందు భుజాలు కదులుతాయి, శబ్దం తర్వాత వస్తుంది. అప్పటిదాకా నేను చూడలేదు.

"నీది తప్పు గాదమ్మా. ఆ మాట పుట్టిందే పొరపాటులోంచి. దాని ముంగల ఒక 'న' ఉండేది. పోయింది."

"ఎక్కడికి పోయింది సార్?"

"ఇంగ్లీషుల ఒకటి అని చెప్పనీకి ఎ అంటరు గదా. అచ్చు ముంగలొస్తే యాన్ అంటరు. ఇప్పుడు ఎ నయస్, ఎ నయస్ అని జల్దీ జల్దీ అను."

ఆమె అంది. నాలుగైదుసార్లు అనేసరికి మాట చెదిరిపోయి 'ఎనయసెనయస్' అని ఒకటే రొద.

"విన్నోనికి గది ఎ నయసా, యాన్ అయసా ఎట్ల తెలుస్తది? తెల్వలే. 'న' పోయి ముందున్న మాటకు అతుక్కున్నది. డేగపిల్ల 'న' లేకుండ మిగిలింది. వంట చేసేటప్పుడు కట్టుకునే ఏప్రన్ కూడా గంతే. ఒకప్పుడు నేప్రన్."

ఆమె కళ్ళు పెద్దవి చేసింది. "అయితే మన ఆబిడ్స్ ఉల్టా సార్. ఆ చివరి 'స్' అసలు పేరుల లేదంట గదా. దుకాణం ఫలానా ఆయనది అని చెప్పే 'స్' అంట. ఆయనా లేడు, దుకాణమూ లేదు, 'స్' మాత్రం మిగిలింది. బస్సులల్ల కండక్టర్లు ఇప్పటికీ అంటున్రు."

"శభాష్! ఇక్కడ ఒకటి అతుక్కున్నది, అక్కడ ఒకటి ఊడింది."

నేను నా బల్ల దగ్గర తలొంచుకుని నా పని నేను చేసుకుంటూ వింటున్నాను. ఆయన ఇంకా చెబుతున్నారు. ఆ డేగపిల్ల మాట ఇంగ్లీషులోకి ఫ్రెంచి నుంచి వచ్చిందట. ఫ్రెంచిలో 'నియే'. అది ఇంకా వెనక్కి పోతే లాటిన్. అక్కడ గూటిని 'నీడుస్' అంటారు. గూటిది కాబట్టి ఆ పేరు.

నా కలం ఆగిపోయింది.

"నీడుసా సార్? గూడుకా?"

"ఔ. ఏమైందమ్మా?"

"సంస్కృతంలో గూటిని నీడము అంటారు."

సహాయ సంపాదకురాలు అయోమయంగా చూసింది. "నీడంటే నీడే గదా మేడమ్? చెట్టు నీడ?"

"అది మన తెలుగు మాట, వేరే ఇంటిది. దీనికి సంబంధం లేదు. ఇది సంస్కృతం." నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "మన పాత నిఘంటువుల్లో నీడజము అని ఉంటుంది. పక్షి అని అర్థం. నీడం అంటే గూడు, జ అంటే పుట్టింది. గూట్లో పుట్టింది."

పెద్దసారు కుర్చీలోంచి లేచారు. లేచి ఏం చేయాలో తెలియక మళ్ళీ కూర్చున్నారు. తర్వాత ఆయన బీరువాలోంచీ నా బీరువాలోంచీ లావుపాటి పుస్తకాలు దించి నా బల్ల మీద పరిచాం. పండితులు ఎప్పుడో తేల్చిన విషయమే. మేమే చూడలేదు. ఇంగ్లీషు 'నెస్టు', లాటిన్ 'నీడుస్', మన 'నీడము' ఒకే తల్లి పిల్లలు. 'ని' అంటే కిందికి, 'సద్' అంటే కూర్చోవడం. రెక్కలున్నది దిగి కూర్చునే చోటు. ఉపనిషత్తులో గురువుగారి దగ్గర శిష్యుడు కూర్చున్నదీ ఆ 'నిషత్తే'.

రాయడం కూడా తెలియని మనుషులెవరో, ఏ గడ్డి మైదానంలోనో, చెట్టు మీద పుల్లల ముద్దని చూసి ఒక మాట అన్నారు. ఆ మనుషులు విడిపోయారు. ఒక గుంపు పడమటికి పోయింది, ఒకటి ఇటు వచ్చింది. దేవుళ్ళు మారారు, తిండి మారింది, ఒకళ్ళ మొహం ఒకళ్ళకి గుర్తు లేదు. ఆ పుల్లల ముద్ద పేరు మాత్రం ఇద్దరి నోళ్ళలోనూ ఉండిపోయింది. చివరికి నాంపల్లిలో, పాస్టరు గారి అబ్బాయి ఒకవైపు నుంచీ నేను ఒకవైపు నుంచీ వచ్చి ఒకే బల్ల దగ్గర దాన్ని పట్టుకున్నాం.

ఆ రోజు ముగ్గురికీ కలిపి ఒకే చోట నుంచి టీ వచ్చింది. ఆయనే తెప్పించారు.

తర్వాత కొద్దిరోజులకి సాయంత్రం పూట గాలివాన కొట్టింది. ఆబిడ్స్‌లో ఫ్లెక్సీలు చిరిగిపోయాయి, కరెంటు పోయింది. మర్నాడు పొద్దున్న నేను వెళ్ళేసరికి మా ఆవరణలోని నిద్రగన్నేరు చెట్టు కింద పెద్దసారు గొంతుక్కూర్చుని ఉన్నారు. తువ్వాలులో ఏదో ఉంది. చుట్టూ విరిగిన కొమ్మలు, బురద.

"ఇటు రండమ్మా. చూడున్రి."

తెల్లటి నూగు, దాని మధ్య అక్కడక్కడ మొలుస్తున్న ఈకలు, కొక్కెంలాంటి చిన్న ముక్కు. చిన్నరకం డేగ పిల్ల. ఉర్దూలో షిక్రా అంటారు. పైన కొమ్మల్లో గూడు ఒకవైపు చీలి వేలాడుతోంది. గోడమీద పిల్లి ఒకటి, దాని పక్కన కాకులు అప్పటికే కాచుకుని ఉన్నాయి.

ఆయన దాన్ని లోపలికి తెచ్చి, అట్టపెట్టెలో పాత ప్రూఫు కాగితాలు పరిచి పెట్టారు. పెట్టిన వెంటనే అది మా ముగ్గురి మొహాలూ చూసి నోరు తెరిచింది. వణకలేదు. వెనక్కి జరగలేదు. బూడిదరంగు కళ్ళతో ఆయన్నే చూస్తూ తెరిచిన నోరు తెరిచినట్టే ఉంచింది. అంత నమ్మకం నేను మనుషుల్లో చూడలేదు.

ఆ క్షణం నుంచి ఆయన మాకు పనికి దొరకలేదు. పొద్దున్నే కోడిమాంసం సన్నగా కొట్టించుకుని తెచ్చేవారు. పటకారుతో ముక్క ముక్కగా పెట్టేవారు. ఆయన చెప్పుల చప్పుడు మెట్ల మీద వినిపిస్తే చాలు, అది పెట్టెలోంచి కీచుకీచుమని గగ్గోలు పెట్టేది. పక్క విభాగాల వాళ్ళు తలుపులోంచి తొంగి చూసి, "ఐఏఎస్ గారున్నారా?" అని పరాచికాలాడేవారు. ఆయన కోప్పడేవారు కాదు. భార్య పోయాక ఆయన సాయంత్రాలు ఆఫీసులోనే గడిపేవారని అందరికీ తెలుసు. ఇప్పుడాయన మొహంలో వెలుగు చూసి మాకూ సంతోషంగానే ఉండేది.

నా సంతోషం మాత్రం ఎక్కువ నిలవలేదు. ఒక పొద్దున్న చెట్టు పైనుంచి పదునైన అరుపు వినిపించింది. తలెత్తితే పెద్ద డేగ ఒకటి, కాళ్ళలో తొండని పట్టుకుని, చీలిన గూటి అంచున వాలింది. మిగిలిన సగం గూట్లోంచి తెల్లటి తల ఒకటి లేచింది. ఇంకో పిల్ల. తల్లి దానికి పెట్టి, తర్వాత కిందకి చూస్తూ చాలాసేపు అరిచింది.

లోపలికి వెళ్ళి చెప్పాను. "తల్లి ఉంది సార్. గూడు సగం బాగానే ఉంది. దీన్ని పైన పెట్టేద్దాం."

"మనిషి చెయ్యి తగిలిన పిల్లను తల్లి రానిస్తదా మేడమ్? పొడిచి సంపుతది."

"నాకు తెలియదు. తెలిసినవాళ్ళని అడుగుదాం."

"అడిగితే తీస్కపోతరు." ఆయన పెట్టె మీద చెయ్యి వేశారు. "జర పెద్దగానీయున్రి. రెక్కలొచ్చినంక అదే పోతది."

నేను బయటికొచ్చి, తెలిసినవాళ్ళ ద్వారా పక్షులకి వైద్యం చేసే ఒక డాక్టరమ్మ నంబరు సంపాదించి మాట్లాడాను. చాటుగా చేసే పని కాదు కాబట్టి ఆయన ఎదురుగా నిలబడి చెప్పాను. "రేపు డాక్టరమ్మ వస్తున్నారు సార్. నేనే రమ్మన్నాను."

ఆయన నావైపు చూడలేదు. మధ్యాహ్నం టీ ఎవరిది వాళ్ళం తాగాం.

డాక్టరమ్మ మర్నాడు వచ్చారు. వెంట తాళ్ళు భుజాన వేసుకున్న ఒకతను ఉన్నాడు. ఆమె గదిలో అడుగు పెట్టగానే పిల్ల పెట్టె అంచుమీదికి ఎగిరి, ఆమెనీ చూసి నోరు తెరిచి అరిచింది.

"బాగా మచ్చికైంది డాక్టరమ్మా," పెద్దసారు గొంతులో గర్వం దాగలేదు. "ఎవరొచ్చినా భయపడదు."

"అదే సార్ నా బాధ." ఆమె నెమ్మదిగానే చెప్పారు. "దీనికి మనిషంటే తిండి. పెద్దయ్యాక కూడా ఆకలేస్తే మన దగ్గరకే వచ్చి అరుస్తుంది. సొంతంగా వేటాడటం చేతకాదు. మీరు ముక్క పెడతారు, పక్క వీధిలో వాళ్ళు రాయి వేస్తారు. కుక్క దగ్గరకీ ఇట్లానే నోరు తెరుచుకుని పోతుంది."

"తల్లి మళ్ళా తీసుకుంటదా?"

"చెయ్యి తగిలితే వదిలేస్తుందనేది ఉత్త మాట సార్. ఇది ఇంకా చిన్నది, తల్లి ఇక్కడే తిరుగుతోంది. ఇవ్వాళ పెడితే ఆశ ఉంది. ఆగితే నేనేమీ చెప్పలేను. ఇవ్వాళ పెట్టినా తప్పకుండా తీసుకుంటుందని హామీ ఇవ్వలేను."

పిల్ల పెద్దసారు చొక్కా గుండీని ముక్కుతో పట్టి లాగుతోంది. ఆయన గుండీ విడిపించుకోలేదు. తర్వాత మాతో కాదు, తనతో తాను అనుకుంటున్నట్టు మొదలుపెట్టారు.

"ఫ్రెంచోళ్ళు నియే అని వెర్రోన్ని అంటరు. అమాయకున్ని, లోకం తెల్వనోన్ని. డేగపిల్ల మాటను వెర్రోనికి ఎందుకు పెట్టిన్రో నాకు ఇన్నేండ్లు సమజ్ గాలే. ఇప్పుడయింది. ఇగో, ఇట్ల చూస్తది గాబట్టి. భయం తెల్వదు దీనికి."

దాని తల మీద వేలితో మెల్లగా రాశారు.

"ఇంగ్లీషోళ్ళు దీన్నే చేతిమీద పెట్టుకుని వేటకు వాడుకున్నరు. ఒకరికి వెర్రిది, ఒకరికి నౌకరు." ఆగి నావైపు తిరిగారు. నిన్నటి తర్వాత నా మొహం చూడటం అదే మొదలు. "మీరు చెప్పిన నీడజం మాటల అవేవీ లేవు గదా మేడమ్. గూట్ల పుట్టింది, అంతే. ఎవ్వరిది గాదు."

"అవును సార్. అంతే."

"అయితే పైన పెట్టున్రి డాక్టరమ్మా."

ఆయన కుర్చీలోంచి లేవలేదు. పెట్టెని ఆయనే రెండు చేతులతో జరిపి ఆమె ముందుకు నెట్టారు.

నేను ఆటో ఎక్కి మొజంజాహీ మార్కెట్‌కి పరుగెత్తాను. పండ్ల దుకాణాయన బత్తాయిలు కుమ్మరించి వెదురు బుట్ట ఖాళీ చేసి ఇచ్చాడు. తాళ్ళతను చెట్టెక్కి దాన్ని చీలిన గూటి పక్కన గట్టిగా కట్టాడు. పిల్లని సంచిలో పైకి లాగి బుట్టలో ఆకుల మీద కూర్చోబెట్టి దిగాడు. డాక్టరమ్మ అందర్నీ లోపలికి పొమ్మన్నారు. కిటికీల తెరలు వేసి, సందుల్లోంచి చూస్తూ నిలబడ్డాం.

నాంపల్లి ఎండ. చెట్టుమీద ఆకు కదలడం లేదు. పిల్ల అరుపు మొదలుపెట్టింది. తల్లి కోసం కాదు. కిటికీల వైపు తిరిగి, ఆయన చెప్పుల చప్పుడు కోసం. ఆయన గోడకి ఆనుకుని కిటికీకి వీపు పెట్టి కూర్చున్నారు. ప్రతి అరుపుకీ ఆయన భుజాలు ఉలిక్కిపడటం నాకు కనిపిస్తోంది. ఒకసారి లేవబోయారు. సహాయ సంపాదకురాలు ఏమీ అనకుండా వెళ్ళి ఆయన పక్కన నేలమీద కూర్చుంది. ఆయన లేవలేదు.

ఒకసారి తల్లి వచ్చింది. బుట్టని చూసి, వింత వస్తువు అనుకుందేమో, వాలకుండానే వెళ్ళిపోయింది. డాక్టరమ్మ పెదవి కొరుక్కున్నారు. పిల్ల గొంతు బొంగురుపోయింది. తర్వాత అదీ ఆగింది.

అప్పుడు దిగింది ఆ పక్షి. ఎక్కడి నుంచి వచ్చిందో చూడలేదు. కొమ్మల మధ్య బూడిదరంగు మెరుపులా వచ్చి బుట్ట అంచున ఆగింది. పసుపుపచ్చ కళ్ళు. రొమ్ము మీద సన్నటి గోధుమరంగు చారలు. కాళ్ళ కింద ఎర. తల ఒకసారి ఇటు, ఒకసారి అటు తిప్పి పిల్లని చూసింది. ఊరంతా ఆగిపోయినట్టనిపించింది నాకు. రోడ్డు మీద బస్సుల హారన్లు ఉండే ఉంటాయి, నేను వినలేదు. తల్లి ఎరని చీల్చింది. ఒక చిన్న ముక్క ముక్కున పట్టి వంగింది. పిల్ల మావైపు చూడటం మానేసి అటు తిరిగింది.

"సార్, రండి," అన్నాను.

ఆయన వచ్చి నా పక్కన నిలబడి సందులోంచి చూశారు. ఆయన పెదవులు కదిలాయి. ప్రార్థన చేసుకుంటున్నారనుకున్నాను. దగ్గర్నుంచి వింటే, "నీడజం... నీడజం..." అంటున్నారు.

నేను పెద్దగా భక్తురాలిని కాను. కానీ ఆ కిటికీ దగ్గర చెప్పులతో నిలబడ్డందుకు నాకు సిగ్గేసింది.

తర్వాత రోజుల్లో ఆయన చెట్టు కిందికి పోలేదు. వెనక వాకిలి నుంచి వచ్చి వెనక వాకిలి నుంచే వెళ్ళేవారు, ఆ చెప్పుల చప్పుడు దానికి వినిపించకూడదని. 'ఐయస్'కి తెలుగు ఏం పెట్టాలని మళ్ళీ బల్ల దగ్గర చేరాం. నేను 'గూటిడేగ' అన్నాను. పురాణంలా ఉందనలేదు ఆయన. పేజీలో చోటు లేకపోయినా పోయిన 'న' సంగతి చిన్న అక్షరాలతో కిందన ఇరికించారు. పిల్లలు దాన్ని చదువుతారో లేదో అన్నాను. "ఒక్కరు చదివినా చాలమ్మా," అన్నారు.

ఎండలు తగ్గుముఖం పట్టిన ఒక పొద్దున్న నేనూ ఆయనా ఒకేసారి గేటు దగ్గర కలిశాం. వెనక వాకిలికి ఎవరో బయటినుంచి తాళం వేశారు, అందుకని ఆయన ముందునుంచి వస్తున్నారు. చేతిలో టిఫిను డబ్బా. నేనే ముందు చూసి ఆయన చెయ్యి పట్టుకుని ఆపాను. ప్రహరీ గోడమీద, మాకు బారెడు దూరంలో, మా పిల్ల. నూగు పోయింది. పొడవైన తోక, చారల రొమ్ము. ఈకల్లో ఒక పుల్ల చిక్కుకుని ఉంది. ఎగరడం అప్పుడప్పుడే వచ్చినట్టుంది, రెక్కలు ఇంకా సరిగ్గా మడవలేకపోతోంది.

ఆయన కదలలేదు. పిలవలేదు. చెయ్యి చాచలేదు. ఆ కళ్ళు ఆయన మీద నిలిచాయి. నేను దాని నోటివంకే చూస్తున్నాను, తెరుస్తుందేమోనని.

దాని ఈకలన్నీ ఒక్కసారిగా ఒంటికి అంటుకుపోయాయి. గొంతు చించుకుని అరిచి, గోడ మీంచి దూకి, మా తలల మీదుగా రెక్కలు టపటపలాడిస్తూ చెట్టు శిఖరానికి పారిపోయింది.

పెద్దసారు టిఫిను డబ్బా నేలమీద పెట్టేశారు. రోడ్డున పోయేవాళ్ళు ఆగి చూస్తుంటే, రెండు చేతులూ పైకెత్తి, కళ్ళనీళ్ళు కారిపోతుంటే, నాతో గట్టిగా అన్నారు:

"భయపడ్డదమ్మా! నన్ను జూసి భయపడ్డది!"